గేరుసొప్ప ఓడ: బొగ్గు, టార్పెడో, పడవలో పదమూడు రోజులు

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: 1941లో కలకత్తా నుంచి వెండి వేసుకుని ఇంగ్లండు వెళ్తున్న ఎస్‌ఎస్ గేరుసొప్పను జర్మన్ జలాంతర్గామి ముంచింది. అంత పెద్ద ఓడ ఇరవై నిమిషాల్లో ఎలా మునిగింది? పడవలు దించారు కదా, 86 మందిలో ఒక్కడే ఎందుకు మిగిలాడు? తర్వాత తీసిన వెండి మన దేశానికి ఎందుకు రాలేదు?

మూడు ప్రశ్నలకూ వేర్వేరు సమాధానాలు ఉన్నాయి. అయితే మొదట బొగ్గు గురించి చెప్పాలి. టార్పెడో తగలడానికి రెండు రోజుల ముందే, ఆ ఓడ కాన్వాయ్‌ని, అంటే కలిసి నడిచే ఓడల గుంపుని, వదిలిన క్షణంలోనే ప్రమాదంలో పడింది. వదలడానికి కారణం బొగ్గు.

గేరుసొప్ప 1919లో ఇంగ్లండులో టైన్ నది మీది పామర్స్ యార్డులో తయారైంది. మొదటి ప్రపంచయుద్ధంలో మునిగిన ఓడల స్థానంలో ఒకే నమూనా మీద గబగబా కట్టిన సరుకు ఓడల్లో ఇదొకటి. అప్పటి పేరు వార్ రోబక్. బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీ చేతికి వచ్చాక గేరుసొప్ప అయింది. శరావతి నది మీది జోగ్ జలపాతానికి ఉన్న మరో పేరే ఇది. ఓడ 5,237 గ్రాస్ టన్నులది. ఇది బరువు అనుకుని చాలామంది పొరబడతారు. గ్రాస్ టన్ను అంటే వంద ఘనపుటడుగుల మూసిన స్థలం. అంటే ఓడలో మొత్తం చోటు సుమారు 14,800 ఘనపు మీటర్లు. 

1940 డిసెంబరులో కలకత్తాలో ఎక్కించిన సరుకు ఇది: దుక్క ఇనుము 2,600 టన్నులు, తేయాకు 1,765 టన్నులు, ఇతర సరుకులు 2,369 టన్నులు. మొత్తం 6,734 టన్నులు. వెండి కడ్డీలు కూడా ఉన్నాయి. తర్వాత పైకి తీసిన వెండి దాదాపు 100 టన్నులు ఉంది. ఇంత సరుకులో అది నూటికి రెండు వంతులు కూడా కాదు. "వెండి బరువుకే ఓడ మునిగింది" అనే మాటకు ఆధారం లేదు.

ఇటలీ 1940 జూన్‌లో యుద్ధంలోకి దిగాక మధ్యధరా సముద్రం మామూలు సరుకు ఓడలకు మూసుకుపోయింది. కలకత్తా ఓడలు సూయెజ్ కాలువ వదిలి ఆఫ్రికా చుట్టూ తిరగాల్సి వచ్చింది. దారి దాదాపు ఒకటిన్నర రెట్లు అయింది. పశ్చిమాఫ్రికాలోని ఫ్రీటౌన్‌లో ఓడలన్నీ కలిసి గుంపుగా ఇంగ్లండుకు బయల్దేరేవి. గేరుసొప్ప ఎస్‌ఎల్ 64 అనే కాన్వాయ్‌లో చేరి జనవరి 30న ఫ్రీటౌన్ వదిలింది. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. ఎస్‌ఎల్‌ఎస్ 64 అని ఇంకో నెమ్మది కాన్వాయ్ ఉంది. ఫిబ్రవరి 12న జర్మన్ క్రూజర్ అడ్మిరల్ హిప్పర్ ఏడు ఓడలు ముంచింది ఆ కాన్వాయ్‌లో. రెండూ ఒకటి కాదు. కలిపి రాస్తే తేదీలన్నీ తప్పిపోతాయి.

ఈ తరహా ఓడకు రోజుకు సుమారు 30 టన్నుల బొగ్గు పడుతుంది. నిశ్చలమైన నీటిలో ఎనిమిది నాట్ల (గంటకు సుమారు 15 కిలోమీటర్ల) వేగం ఇచ్చే బొగ్గే, ఎదురుగాలిలో, ఎత్తు కెరటాల్లో ఐదు నాట్లే ఇస్తుంది. గంటకు కాల్చేది తగ్గదు, గంటకు నడిచే దూరం తగ్గుతుంది. అంటే మైలుకు పట్టే బొగ్గు 1.6 రెట్లవుతుంది. పైగా ఓడ ముక్కు కిందికి దిగినప్పుడల్లా వెనక స్క్రూ, అంటే ఓడను నెట్టే పంకా, నీటిపైకి తేలి ఖాళీగా గిర్రున తిరుగుతుంది. ఇంజను దెబ్బతినకుండా ఇంజనీరు ఆవిరి కవాటం మీద చెయ్యి తియ్యకుండా నిలబడి, స్క్రూ తేలినప్పుడల్లా ఆవిరి తగ్గిస్తూ, మునిగినప్పుడు పెంచుతూ ఉండాలి. దానితో బాయిలరు నిలకడగా మండదు, బొగ్గు ఇంకా వృథా అవుతుంది. బంకర్లు, అంటే బొగ్గు నిల్వ గదులు, అడుక్కి వచ్చేసరికి మిగిలేది పొడి బొగ్గు. దాన్ని దూరపు మూలల నుంచి తట్టలతో మోసి పొయ్యిల దగ్గరకు చేర్చాలి. ఊగిపోతున్న ఓడలో ఆ పని ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

ఫిబ్రవరి 14న కెప్టెన్ జెరాల్డ్ హైలాండ్ లెక్క వేసుకుని, కాన్వాయ్ వేగంతో లివర్‌పూల్ చేరేంత బొగ్గు లేదని తేల్చుకుని, ఐర్లండు పడమటి తీరంలోని గాల్వే రేవుకు దారి మళ్లించాడు. ఈ నిర్ణయాన్ని తప్పుపట్టేవాళ్లు ఉన్నారు. నా అభిప్రాయంలో ఆయనకు మంచి దారి అంటూ లేదు. కాన్వాయ్‌తో ఉండి నడిసముద్రంలో బొగ్గు అయిపోతే, ఇంజను లేని ఓడ గాలికి అడ్డం తిరిగి కెరటాలకు కొట్టుకుపోతుంది. ఆ ఒక్క ఓడ కోసం మిగతా ఓడలు ఆగవు, ఆగకూడదు కూడా.

ఫిబ్రవరి 16న పగలు జర్మన్ల నాలుగింజన్ల ఫోకే-వుల్ఫ్ 200 విమానం ఓడ చుట్టూ తిరిగి వెళ్లింది. ఆ రాత్రి యూ-101 అనే జలాంతర్గామి కనిపెట్టింది. దాని కమాండర్ ఎర్న్‌స్ట్ మెంగెర్‌సెన్. కొన్ని పుస్తకాల్లో తేదీ 16, కొన్నింట్లో 17 అని ఉంటుంది. జలాంతర్గామి చిట్టాలో జర్మన్ కాలం ప్రకారం 17వ తేదీ 00.08 గంటలు. ఓడలో వాళ్ల గడియారాల్లో అది ఇంకా 16 రాత్రే.

జలాంతర్గామి అనగానే నీటి అడుగున దాక్కుని పొంచి ఉండేదని ఊహిస్తాం. ఆ రోజుల్లో రాత్రిపూట దాడులు ఎక్కువగా నీటిపైనే జరిగేవి. యూ-101 రకం, అంటే ఏడవ తరగతి బి నమూనా, నీటిపైన డీజిల్ ఇంజన్లతో 17 నాట్లకు పైగా పోతుంది. అడుగున బ్యాటరీల మీద ఎనిమిది నాట్లు, అదీ కాసేపే. చీకట్లో నీటిమట్టానికి కాస్త పైన ఉండే దాని గోపురాన్ని సరుకు ఓడ మీది కాపలావాడు చూడటం దాదాపు అసాధ్యం. కాపలావాడికి ఎదురుగాలి, నీటి తుంపర్లు కళ్లలో పడుతుంటాయి. ఒంటరిగా, నెమ్మదిగా నడిచే ఓడకు ఎదురుగా వెళ్లి అనువైన చోట నిలబడటం వీళ్లకు సులువు.

టార్పెడో కుడి పక్క రెండో హోల్డులో, అంటే సరుకు గదిలో, తగిలింది. జర్మన్ టార్పెడో తలలో 280 కిలోల పేలుడు పదార్థం ఉంటుంది. పేలుడు ధాటికి ఓడ ముందుభాగపు స్తంభం కూలింది, దానితోపాటు వైర్‌లెస్ ఏరియల్ తెగింది. అందుకే సహాయం కోరుతూ ఒక్క సందేశమూ వెళ్లలేదు. ప్రాణనష్టానికి ఇదే అతి పెద్ద కారణం అంటాను. ఓడ మునిగిన సంగతే ఎవరికీ తెలియకపోతే వెతకడానికి ఎవరు వస్తారు?

ఇక ఇరవై నిమిషాల సంగతి. ఉదాహరణకు ఓడ పక్కన 15 చదరపు మీటర్ల రంధ్రం, దాని మధ్యభాగం నీటిమట్టానికి 4 మీటర్ల దిగువన ఉందనుకోండి. ఆ లోతులో నీరు సెకనుకు దాదాపు 9 మీటర్ల వేగంతో దూరుతుంది. చిరిగిన అంచుల వల్ల ధార సన్నబడుతుంది కాబట్టి 0.6 వంతు మాత్రమే తీసుకుందాం. అప్పుడు సెకనుకు సుమారు 80 ఘనపు మీటర్లు, అంటే 80 టన్నులు. హోల్డులో 2,000 ఘనపు మీటర్ల ఖాళీ ఉంటే దాదాపు అర నిమిషంలో నిండిపోతుంది. ఓడ పంపులు గంటకు తోడేది వందల టన్నుల్లో ఉంటుంది. పంపుకు ఇక్కడ పనే లేదు. ఆ హోల్డు పోయినట్టే, దాన్ని కాపాడే మార్గం లేదు. మిగతా నిమిషాలు తీసుకున్నది హోల్డుల మధ్య అడ్డుగోడలు నీటిని ఆపడం, ఓడ ముందుకు వాలడం.

సరుకు రకం ఇక్కడ తేడా తెస్తుంది. దుక్క ఇనుము టన్నుకు ఘనపు మీటరులో మూడో వంతు చోటు కూడా పట్టదు. 2,600 టన్నులు పేర్చినా 870 ఘనపు మీటర్ల లోపే. అంటే బరువు అడుగున దట్టంగా ఉండి, పైన చోటు ఖాళీగానో తేలిక సరుకుతోనో ఉంటుంది. ఖాళీ ఉన్నచోటల్లా నీరు చేరుతుంది. తేయాకు పెట్టెలు పేర్చిన హోల్డు అలా కాదు. చెక్కపెట్టెలు కాసేపు నీటిని ఆపుతాయి, తేలుతూ ఓడను కాస్త మోస్తాయి కూడా. కలప వేసుకున్న ఓడలు టార్పెడో తిని గంటల తరబడి తేలడం, ఇనుము, ఖనిజం వేసుకున్నవి నిమిషాల్లో వెళ్లిపోవడం ఇందుకే.

రెండో హోల్డు వెనక సాధారణంగా బొగ్గు బంకరు, దాని వెనక బాయిలరు గది ఉంటాయి. పేలుడుకు మధ్య గోడ పగిలితే నీరు నేరుగా అక్కడికి పోతుంది. బంకరు నిండా బొగ్గు ఉంటే గోడకు వెనక ఊతం ఉండేది. ఈ ఓడలో బొగ్గు అడుగంటింది. గేరుసొప్పలో ఆ గోడ ఎలా పోయిందో చూసి చెప్పిన సాక్షి లేడు కాబట్టి ఇది ఓడ నిర్మాణం నుంచి తీసిన ఊహ మాత్రమే.

ఇనుము అడుగున ఉండటంలో ఇంకో చిక్కు ఉంది. అలాంటి ఓడ వంగిన వెంటనే ఒక్క కుదుపుతో నిటారుగా లేస్తుంది. అటూ ఇటూ ఊగడం విసురుగా ఉంటుంది. కొక్కేలకు వేలాడే పడవను అలాంటప్పుడు దించితే, ఊపుకు వెళ్లి ఓడ పక్కకే కొట్టుకుంటుంది. ముందూ వెనకా తాళ్లు సమంగా వదలకపోతే ఒక కొస కిందపడి మనుషులు నీళ్లలోకి జారిపోతారు. ఓడ ఇంకా ముందుకు కదులుతూ ఉంటే నీట దిగిన పడవ వెనక్కి ఈడ్చుకుపోయి స్క్రూ దగ్గర చేరుతుంది. వీటన్నిటి మధ్య, చిమ్మచీకట్లో, మూడు పడవలు దించారు. రెండు మళ్లీ కనపడలేదు.

మూడోదానికి సెకండ్ ఆఫీసర్ రిచర్డ్ ఎయిర్స్ నాయకుడు. అందులో ముప్పై మంది దాకా ఉన్నారు. ఎక్కువమంది లాస్కర్లు, అంటే మన ఉపఖండపు నావికులు. విశాఖ, కాకినాడ రేవుల్లో ఇప్పటికీ వినపడే కళాసీ, సారంగు అనే మాటలు ఆ లోకానివే. డెక్కు మీద కళాసీలు, వాళ్ల మీద టిండాలు, అందరి మీద సారంగు. బాయిలరు దగ్గర ఆగ్‌వాలాలు, వంటకు భండారీ. కలకత్తా ఓడల్లో వీళ్లు చాలావరకు సిల్హెట్, నవాఖాలీ, చిట్టగాంగ్ ప్రాంతాల వాళ్లు. బాయిలరు గదిలో పనిచేసేవాడి ఒంటి మీద ఉండేది పలచని నూలు గుడ్డ. ఆ వేడిలో నుంచి ఫిబ్రవరి అట్లాంటిక్ గాలిలోకి, పది డిగ్రీల నీటిలోకి అదే గుడ్డతో వచ్చాడు. వీళ్లు ముందు చనిపోవడాన్ని జాతి బలహీనతగా చూపే రాతలు అప్పట్లో వచ్చేవి. అది అన్యాయం. కాళ్లకు జోళ్లు, ఒంటికి ఉన్ని లేని ఏ మనిషికైనా అదే గతి.

పడవ అడుగున ఎప్పుడూ నీళ్లు నిలిచి ఉంటాయి. 15 డిగ్రీల కంటే చల్లటి నీటిలో పాదాలు రోజుల తరబడి నానితే రక్తప్రసారం తగ్గి, కాళ్లు ఉబ్బి, స్పర్శ పోయి, చివరికి కుళ్లుతాయి. గడ్డకట్టే చలి అక్కర్లేదు. ఇరుక్కుని కదలకుండా కూర్చోవడం దాన్ని ఇంకా తొందరపెడుతుంది. చేయగలిగింది కాళ్లు ఎత్తి పెట్టుకోవడం, వేళ్లు ఆడించడం, నీళ్లు తోడుతూనే ఉండటం. రుద్దకూడదు, చర్మం ఊడిపోతుంది.

దాహం ఇంకా పెద్ద శత్రువు. యుద్ధానికి ముందు అంతర్జాతీయ నియమం ప్రకారం పడవలో మనిషికి ఒక క్వార్టు నీరు, రెండు పౌన్ల బిస్కెట్లు ఉండాలి. క్వార్టు అంటే 1.1 లీటరు. పదమూడు రోజులకు పంచితే రోజుకు 85 మి.లీ., అంటే చిన్న టీ గ్లాసుడు. గట్టి బిస్కెట్టు ఎండిన నోటిలో నలగదు, గొంతు దిగదు. తిండి ఉన్నా తినలేరు. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. మన మూత్రపిండాలు అంత చిక్కగా ఉప్పును వదల్లేవు. లీటరు తాగితే ఆ ఉప్పును బయటికి పంపడానికి అంతకంటే ఎక్కువ నీరు ఒంట్లోంచే పోతుంది. దాహం పెరుగుతుంది, తర్వాత మతి తప్పుతుంది, మనిషి పడవలోంచి దూకుతాడు. బ్రిటిష్ వ్యాపార నౌకల పడవ ప్రయాణాలను యుద్ధం తర్వాత వైద్యులు లెక్క తీస్తే, సముద్రపు నీరు తాగిన పడవల్లో సుమారు 39 శాతం మంది చనిపోయారు. తాగని పడవల్లో దాదాపు 3 శాతం. ఎయిర్స్ చేసిన పెద్ద పని నీటిని కొలిచి పంచడం, పడవను తూర్పు దిక్కుకే పట్టి ఉంచడం.

ఓడ మునిగిన చోటు నుంచి ఇంగ్లండు కొస దాకా సుమారు 340 నాటికల్ మైళ్లు. పదమూడు రోజులకు రోజుకు 26 మైళ్లు, గంటకు ఒక మైలు పైచిలుకు. ఒక్క తెరచాప, చచ్చుబడిన చేతులు, అట్లాంటిక్ చలికాలం. ఈ అంకె వెనక ఎంత నావికా నైపుణ్యం ఉందో పడవ నడిపినవాళ్లకు తెలుస్తుంది. మార్చి 1న కార్న్‌వాల్‌లోని లిజర్డ్ భూశిరం కనిపించింది. అప్పటికి బతికి ఉన్నది కొద్దిమందే. కేర్తిలియన్ అనే రాళ్ల తీరపు చిన్న అఖాతంలో, ఒడ్డు చేతికందే దూరంలో, కెరటం విరిగి పడవ తిరగబడింది. తీరం మీది పిల్లలు చూసి కేకలు వేయడంతో జనం వచ్చారు. ఎయిర్స్ ఒక్కడినే ప్రాణాలతో లాగారు. ఒడ్డుకు చేరిన కొన్ని శరీరాలు దగ్గర్లోని లాండెవెడ్నాక్ చర్చి ఆవరణలో ఉన్నాయి.

ఒడ్డు దగ్గరే ఎందుకు పోయారని అడిగితే, కెరటాలు దాటి తెప్పలు ఒడ్డుకు తెచ్చే మన బెస్తవాళ్లను చూడండి. వెనక నుంచి వచ్చే కెరటానికి పడవ ఏమాత్రం అడ్డం తిరిగినా బోల్తాయే. వాళ్లు తెడ్డు వేస్తూ, పెద్ద కెరటాన్ని ముందు పోనిచ్చి దాని వెనక వస్తారు. బరువైన లైఫ్‌బోటుకు పద్ధతి వేరు. ముక్కు సముద్రం వైపు ఉంచి, గుడ్డ గరాటు లాంటి సీ యాంకరు ముక్కుకు కట్టి నీటిలో వదిలి, వెనక్కి వెనక్కి ఒడ్డు చేరాలి. దానికి తెడ్లు వేయగల చేతులు నాలుగైనా కావాలి. పదమూడు రోజుల తర్వాత ఆ పడవలో అలాంటి చేతులు లేవు.

ఇప్పుడు వెండి. యుద్ధకాలంలో సరుకుకు బ్రిటిష్ ప్రభుత్వమే బీమా ఇచ్చేది. ఓడ మునిగాక సొమ్ము చెల్లించింది. బీమా చెల్లించినవాడికి సరుకు మీద యాజమాన్యం వస్తుంది, ఇది ఎక్కడైనా ఉన్న సూత్రం. కాబట్టి చట్టం దృష్టిలో అది బ్రిటిష్ ప్రభుత్వపు వెండి. ఆ ప్రభుత్వం ఒడిస్సీ మెరైన్ ఎక్స్‌ప్లొరేషన్ అనే అమెరికన్ సంస్థతో ఒప్పందం చేసుకుంది. ఖర్చులు పోను సంస్థకు 80 శాతం, ప్రభుత్వానికి 20. వెలికితీత విఫలమైతే నష్టం సంస్థదే, అందుకే వాటా అంత.

2011లో ఓడ దొరికింది. లోతు సుమారు 4,700 మీటర్లు, టైటానిక్ కంటే దాదాపు కిలోమీటరు దిగువ. అక్కడ నీటి ఒత్తిడి వాతావరణానికి 470 రెట్లు. మనిషి దిగలేడు. తీగతో నడిచే రోబోలతో ఇనుప రేకులు కోసి, పైన పడినవి తొలగించి, కడ్డీలు తీశారు. 2012లో 1,218 కడ్డీలు, 2013లో 1,574, మొత్తం 2,792. ఒక్కోటి 35 కిలోల పైమాట. బీమా చేసిన వెండిలో 99 శాతానికి పైగా వచ్చింది. మొదట్లో పత్రికలు 70 లక్షల ఔన్సులని రాశాయి, వచ్చింది 32 లక్షలు. బీమా లేని ప్రభుత్వ వెండి కూడా ఉందన్న పాత కాగితాల మీద ఆ పెద్ద అంకె కట్టారు. వచ్చిన వెండిలో కొంతతో రాయల్ మింట్ నాణేలు కూడా పోసింది.

వెండి కన్నా నాకు విలువైనవిగా తోచేవి ఉత్తరాలు. 1940 చివర్లో మన దేశం నుంచి రాసిన 700కు పైగా ఉత్తరాలు అదే ఓడలో దొరికాయి. డెబ్బై ఏళ్లు నీటిలో కాగితం ఎలా నిలిచింది? సంచులు ఒకదాని మీద ఒకటి ఒత్తుకుని, వెలుతురు, ప్రాణవాయువు అందని చోట, చల్లటి చీకట్లో ఉన్నాయి. కాగితాన్ని తినే జీవులు అక్కడ బతకలేదు. పైకి తీశాక గాలికి ఆరనిస్తే పాడవుతాయి. తడిగానే ఉంచి, ఉప్పు కడిగి, నెమ్మదిగా ఆరబెట్టాలి. 2018లో లండన్ పోస్టల్ మ్యూజియం వాటిని ప్రదర్శించింది.

చివరగా, ఇలాంటి ఓడల్లో పోయిన తమ పెద్దవాళ్ల పేర్లు వెతుకుతున్నవారికి. వ్యాపార నౌకల నావికుల కోసం కట్టిన లండన్ టవర్ హిల్ స్మారకంలో వెతికితే భారతీయ నావికులు దొరకరు. వాళ్ల పేర్లు ముంబై, చిట్టగాంగ్ స్మారకాల పుస్తకాల్లో ఉన్నాయి, రెండుచోట్లా కలిపి ఒకే జాబితా, ఆరు వేలకు పైగా పేర్లు. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైటులో మనిషి పేరుతో మొదలుపెట్టకండి. ఇండియన్ మర్చంట్ నేవీ, ఓడ పేరు, మునిగిన తేదీ, ఈ వరుసలో వెతకండి. తేదీని ఒక రోజు అటూ ఇటూ మార్చి చూడండి, పైన చెప్పిన 16, 17 గొడవ వల్ల. గుమాస్తాలు చెవికి వినపడినట్టు రాసుకున్నారు కాబట్టి ఒకే పేరు నాలుగు రకాల అక్షరాలతో ఉంటుంది. తండ్రి పేరు, ఊరు నమోదై ఉంటే వాటితో సరిపోల్చుకోండి.